'కాస్త ముదురుగా' అంటే ఎంత? రంగులు సరిదిద్దే స్లైడర్లను రూపొందించడంలోని చిక్కులు

పసుపుపచ్చని పట్టుచీర, దానికి నిండు నీలి అంచు. చేనేత వస్త్రాలు అమ్మే ఒక దుకాణదారు దాన్ని ట్యూబ్‌లైటు వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి, ఎక్కడో ఉన్న కొనుగోలుదారుకు పంపబోతున్నారనుకుందాం. తెరమీద కనిపిస్తున్న చీరకూ, బల్లమీద పరిచి ఉన్న చీరకూ పొంతన కుదరడం లేదు. పసుపులో ఆకుపచ్చ ఛాయ పొడసూపింది, రంగు మొత్తంగా కొంత వెలిసినట్టుంది. ఏం కావాలో ఆయనకు స్పష్టంగా తెలుసు: ఆకుపచ్చ ఛాయ పోవాలి, పసుపు ఇంకాస్త నిండుగా రావాలి, అంచు మాత్రం చెక్కుచెదరకూడదు. ఫొటోలు సవరించే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఆయన ముందు అరడజను స్లైడర్లు, అంటే గుండీని అటూ ఇటూ జరిపే పట్టీలు, బారులు తీరి ఉంటాయి. దేన్ని ఎటు జరిపితే తన కోరిక తీరుతుందో వాటిలో ఏ ఒక్కటీ ఆయనకు చెప్పదు.

ఈ ఇబ్బందికి ఆయన అనుభవలేమిని కారణంగా చూపడం సులువు. నా దృష్టిలో అది సరైన నిర్ధారణ కాదు. చీర రంగును గుర్తించడంలో ఆయన కన్ను ఏ గ్రాఫిక్ డిజైనరు కన్నుకూ తీసిపోదు. సరిగ్గా కుదరనిది ఆయన అడిగే ప్రశ్నకూ, పనిముట్టు జవాబిచ్చే ప్రశ్నకూ మధ్య ఉన్న అమరిక. రంగులను సవరించే స్లైడర్లను రూపొందించడం తేలికగా కనిపించే కష్టమైన పని కావడానికి మూలం అక్కడే ఉంది.

యంత్రం లెక్క

తెరమీద కనిపించే ప్రతి చుక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చిన్న దీపాల కలయిక. సాధారణ ఫొటోలో ఒక్కో దీపానికి 0 నుంచి 255 వరకు 256 మెట్లు ఉంటాయి కాబట్టి, మూడింటినీ కలిపితే 1,67,77,216 రంగులు సాధ్యమవుతాయి. యంత్రానికి ఇంతకంటే సహజమైన పద్ధతి లేదు. అందువల్ల 'రంగును మార్చే స్లైడర్లు కావాలి' అనగానే ప్రోగ్రామరుకు మొదట తట్టేది ఆ మూడు అంకెలకు మూడు స్లైడర్లు పెట్టడమే.

మన చీరలోని పసుపు 230, 180, 30 అనే అంకెలతో నమోదయిందనుకుందాం. దాన్ని ఇంకా నిండుగా చేయాలంటే పసుపును పెంచాలి, కానీ పసుపు అనే స్లైడరే అక్కడ లేదు. చేయవలసింది నీలాన్ని తగ్గించడం. పసుపును నిండుగా చేయడానికి నీలంతో పని ఏమిటన్నది దుకాణదారుకు అర్థం కావలసిన అవసరం ఎంతమాత్రం లేదు. ఇక ఆకుపచ్చ ఛాయను తీసేయాలని ఆకుపచ్చ స్లైడరును తగ్గిస్తే ఛాయ తగ్గుతుంది, దానితోపాటే చీర మసకబారుతుంది. ఎందుకంటే మన కంటికి తెలిసే వెలుగులో ఎక్కువ వాటా ఆకుపచ్చ దీపానిదే. నేటి తెరలకు ప్రామాణికంగా వాడే లెక్కలో తెలుపు రంగు వెలుగును 1 అనుకుంటే, అందులో ఆకుపచ్చ వాటా 0.7152, ఎరుపు వాటా 0.2126, నీలం వాటా కేవలం 0.0722. మూడు స్లైడర్లూ ఒకే పొడవుతో, ఒకే రూపంతో పక్కపక్కన నిలబడి ఉన్నా వాటి బలం ఒకటి కాదు. పైగా ఏ ఒక్కదాన్ని కదిపినా రంగుకు ఉన్న మూడు గుణాలూ, అంటే అది ఏ రంగు అన్నదీ, ఎంత గాఢంగా ఉందన్నదీ, ఎంత వెలుగుగా ఉందన్నదీ, ఒకేసారి మారిపోతాయి. ఒక కుళాయి తిప్పితే నీటి వేడి, ధార, ఎత్తు మూడూ మారిపోయే స్నానాలగది ఎలా ఉంటుందో ఈ స్లైడర్లూ అలాగే ఉంటాయి.

1978లో వేసిన బాట

ఈ చిక్కును విప్పడానికి జరిగిన తొలి ముఖ్యమైన ప్రయత్నాలు రెండూ 1978 నాటివే, రెండూ కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుల వార్షిక సదస్సు సిగ్రాఫ్‌లో వెలువడినవే. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసిన ఆల్వీ రే స్మిత్ హెచ్‌ఎస్‌వీ అనే పద్ధతిని, జార్జ్ జాబ్లవ్, డొనాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే ఇద్దరు దానికి దగ్గరి చుట్టమైన హెచ్‌ఎస్‌ఎల్‌ను వివరించారు. చిత్రకారుడు రంగులను ఆలోచించే తీరులోనే యంత్రానికీ చెప్పగలగాలన్నది వాటి ఉద్దేశం. మొదటి స్లైడరు హ్యూ, అంటే ఇది ఎరుపా, పసుపా, నీలమా అన్న వన్నె. దాన్ని 360 డిగ్రీల చక్రం మీద గుర్తిస్తారు. రెండోది శాచురేషన్, అంటే గాఢత. మూడోది వెలుగు. ఫొటోషాప్ మొదలు ఫోన్‌లోని చిన్న యాప్‌ల వరకు ఈనాటికీ మనకు కనిపించే హ్యూ, శాచురేషన్, లైట్‌నెస్ అనే ముగ్గురి జట్టు అక్కడి నుంచి వచ్చిందే.

ఆ పద్ధతి విజయానికి ఒక బలమైన కారణం దాని లెక్క చాలా చవకైనది కావడం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో పెద్దది ఏది, చిన్నది ఏది అని చూసి నాలుగైదు కూడికలు, భాగహారాలు చేస్తే సరిపోతుంది. అప్పటి కంప్యూటర్లకు అంతకంటే బరువైన లెక్కలను తెరమీది ప్రతి చుక్కకూ చేసే శక్తి లేదు. అయితే ఆ చవకదనానికి మూల్యం ఉంది. ఈ లెక్కలో 'వెలుగు' అన్న మాటకు అర్థం మన కంటికి తోచే వెలుగు కాదు. అది ఆ మూడు అంకెల నుంచి పుట్టిన మరో అంకె మాత్రమే.

దీన్ని నిరూపించడానికి మన చీరే చాలు. తెర ఇవ్వగల శుద్ధమైన పసుపును, శుద్ధమైన నీలాన్ని తీసుకోండి. హెచ్‌ఎస్‌ఎల్ లెక్కలో రెండింటి వెలుగూ సరిగ్గా 50 శాతం. కంటికి మాత్రం ఆ పసుపు దాదాపు తెలుపుకు ఆనుకుని ఉంటుంది, ఆ నీలం నలుపుకు దగ్గరగా ఉంటుంది. కంటి తీరును అనుసరించి 1976లో రూపొందిన సీలాబ్ అనే కొలమానంలో నలుపు 0, తెలుపు 100 అయితే, ఆ పసుపు వెలుగు 97, ఆ నీలం వెలుగు 32. ఆ రెండు రంగుల మీద తెల్లని అక్షరాలు రాసి చూస్తే తేడా ఇంకా తీవ్రంగా బయటపడుతుంది. వెబ్‌పేజీల్లో మామూలు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని ప్రమాణాలు చెప్పే కాంట్రాస్ట్ నిష్పత్తి (అక్షరాల వెలుగుకూ వాటి వెనుక రంగు వెలుగుకూ మధ్య తేడాకు కొలత) నీలం మీద సుమారు 8.6 వస్తుంది, పసుపు మీద 1.07 మాత్రమే వస్తుంది, అంటే అక్షరాలు ఉన్నట్టే తెలియదు. స్లైడరు మాత్రం రెండు చోట్లా 50 అనే చూపిస్తుంది.

ఇక శాచురేషన్‌ను పూర్తిగా సున్నాకు లాగితే ఏమవుతుందో చూడండి. హెచ్‌ఎస్‌ఎల్ లెక్క ప్రకారం వెలుగు అంకె మారకూడదు కాబట్టి పసుపూ, నీలమూ రెండూ ఒకే బూడిద రంగులోకి కుప్పకూలతాయి. చీరకూ అంచుకూ మధ్య ఉన్న గీత మాయమవుతుంది. నలుపు-తెలుపు ఫిల్ము మీద తీసిన పాత పెళ్లి ఫొటోల్లో చీర అంచు విడిగా తెలిసేది; కోట్ల లెక్కలు చేయగల యంత్రం ఇచ్చిన నలుపు-తెలుపు ఫొటోలో అది తెలియకపోవడం కేవలం ఒక సూత్రం ఎంపికలో జరిగిన లోపం. వాడుకరి మాత్రం దాన్ని తన చేతకానితనంగానే లెక్కిస్తాడు, ఈ రంగంలో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం అదే.

ఆ చక్రంలో వన్నెల పంపకం కూడా సమానంగా లేదు. 120 డిగ్రీల చుట్టూ చాలా దూరం జరిపినా ఆకుపచ్చే కొనసాగుతుంది. ఎరుపుకూ పసుపుకూ మధ్య మాత్రం కాషాయం, నారింజ, కనకాంబరం, పసుపు కొమ్ము రంగు అన్నీ కొన్ని పదుల డిగ్రీల్లో ఇరుక్కుని ఉంటాయి. మనుషుల ఒంటి రంగులన్నీ కూడా ఆ ఇరుకు సందులోనివే. అందువల్ల ఆకుపచ్చ దగ్గర అయిదు డిగ్రీలు జరిపితే ఎవరికీ తెలియని మార్పు వస్తుంది, ముఖం దగ్గర అదే అయిదు డిగ్రీలు జరిపితే మనిషికి కామెర్లు వచ్చినట్టో జ్వరం వచ్చినట్టో కనిపిస్తుంది.

కంటి లెక్క, దాని ఇబ్బందులు

కంటికి తోచే తీరును బట్టే రంగులను అమర్చాలన్న ఆలోచన కంప్యూటర్ల కంటే చాలా పాతది. అమెరికన్ చిత్రకారుడు, చిత్రకళా ఉపాధ్యాయుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లోనే వన్నె, వెలుగు, గాఢత అనే మూడు గుణాల మీద రంగులను అమరుస్తూ ఒక వ్యవస్థను ప్రచురించారు. పక్కపక్క మెట్ల మధ్య తేడా ఎక్కడైనా కంటికి సమానంగా తోచాలన్నది ఆయన పట్టుబట్టిన నియమం. ఆ నియమాన్ని పాటిస్తే రంగుల సముదాయం చక్కని గోళంగానో స్తంభంగానో రాదని ఆయనకు త్వరలోనే తెలిసింది. పసుపు అత్యంత గాఢంగా ఉండేది బాగా వెలుగు ఉన్న మెట్టు మీద, నీలం గాఢంగా ఉండేది చీకటికి దగ్గరి మెట్టు మీద. కాబట్టి ఆ ఆకారం ఒకవైపు పైన ఉబ్బి, మరొకవైపు కింద ఉబ్బిన వంకర చెట్టులా తయారయింది. దానికి మన్సెల్ రంగుల చెట్టు అన్న పేరే స్థిరపడింది.

డిజైనరుకు నిజమైన సంకటం ఈ వంకర ఆకారం దగ్గరే మొదలవుతుంది. సీలాబ్‌ను గానీ, స్వీడన్‌కు చెందిన బ్యోర్న్ ఒట్టోసన్ 2020 డిసెంబరులో ప్రకటించిన ఓక్‌లాబ్ అనే కొలమానాన్ని గానీ ఆధారంగా చేసుకుంటే స్లైడర్లు మాట తప్పవు. వన్నె మారిస్తే వెలుగు మారదు, గాఢత తగ్గిస్తే అంచు మాయం కాదు. సీలాబ్‌లో నీలాన్ని తెలుపు వైపు జరుపుతుంటే మధ్యలో ఊదా రంగు తొంగిచూసే పాత దోషాన్ని కూడా ఓక్‌లాబ్ చాలావరకు సరిదిద్దింది; అందుకే అది వచ్చిన కొద్ది ఏళ్లలోనే వెబ్‌పేజీల రంగులను నిర్దేశించే సీఎస్‌ఎస్ ప్రమాణంలో చోటు సంపాదించింది. కానీ ఆ వంకర చెట్టులో స్లైడరును చివరిదాకా లాగినప్పుడు, అక్కడ తెర చూపగలిగే రంగే ఉండకపోవచ్చు. పసుపును 30 వెలుగు దగ్గర ఉంచి గాఢత పూర్తిగా పెంచమంటే అటువంటి పసుపు ఈ తెరమీద లేదు. నిజానికి అంత తక్కువ వెలుగులో ఉన్నదాన్ని మనం పసుపు అని పిలవం కూడా, ముదురు గోధుమరంగు అంటాం.

అప్పుడు పనిముట్టు ఏం చేయాలి? స్లైడరు కదులుతున్నా రంగు కదలకుండా గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతే వాడుకరి పనిముట్టు చెడిపోయిందనుకుంటాడు. తనకు తానుగా వెలుగును మార్చి దగ్గరి రంగును ఇస్తే 'ఒకటి కదిపితే ఒకటే మారుతుంది' అన్న మాట తప్పినట్టవుతుంది. అందుబాటులో లేని భాగాన్ని పట్టీ మీదే బూడిద రంగుతోనో అడ్డగీతలతోనో చూపితే నిజాయితీగా ఉంటుంది, కానీ మొదటిసారి చూసినవారికి బెదురు పుడుతుంది. ఒట్టోసన్ స్వయంగా 2021లో ఓక్‌హెచ్‌ఎస్‌వీ, ఓక్‌హెచ్‌ఎస్‌ఎల్ అనే రెండు మధ్యేమార్గాలను ప్రతిపాదించారు. వాటిలో ఆ వంకర ఆకారాన్ని కొంత సాగదీసి, కొంత నొక్కి, ప్రతి స్లైడరుకూ 0 నుంచి 100 వరకు ఎక్కడైనా నిజమైన రంగు ఉండేలా సర్దుతారు. అందుకు బదులుగా కంటికి సమానంగా తోచే గుణాన్ని కొంత వదులుకుంటారు. కొత్త రంగును ఎంచుకునే పెట్టెకు ఇటువంటి సర్దుబాటు బాగుంటుందని, ఇప్పటికే ఉన్న ఫొటోను సవరించేటప్పుడు మాత్రం సర్దుబాటు లేని లెక్కే మేలని నా అభిప్రాయం. రంగును ఎంచుకునేవారికి అన్ని తలుపులూ తెరుచుకోవడం ముఖ్యం. ఫొటోను సవరించేవారికి తాము ముట్టుకోనిది మారకుండా ఉండటం ముఖ్యం.

స్లైడరు మీద దూరం, కంటిలో దూరం

సరైన గుణాన్ని ఎంచుకున్నంత మాత్రాన పని పూర్తికాదు. స్లైడరు మీద ఒక అంగుళం ఎక్కడైనా ఒకే మోతాదు మార్పుగా తోచాలి. వెలుగు విషయంలో కన్ను సరళరేఖలో నడవదు. దాని మీద పడిన కాంతిలో 18 శాతాన్ని మాత్రమే తిరిగి పంపే బూడిద రంగు కాగితం మన కంటికి నలుపుకూ తెలుపుకూ సరిగ్గా మధ్యలో ఉన్నట్టు కనిపిస్తుంది. సాధారణ ఫొటో ఫైలులో అది 255కు గాను సుమారు 118 దగ్గర నమోదవుతుంది. భౌతికమైన కాంతి పరిమాణాన్నే స్లైడరుగా పెడితే ఆ మధ్య బూడిద రంగు పట్టీలోని మొదటి అయిదో వంతులోపే వచ్చేస్తుంది, చీకటి ఛాయలన్నీ వెంట్రుకవాసి జాగాలో కిక్కిరిసిపోతాయి.

వెలుతురు ఎంత పసుపుగా లేదా ఎంత నీలంగా ఉందో కెల్విన్ అంకెల్లో చెప్పే వర్ణ ఉష్ణోగ్రత దగ్గర ఇదే చిక్కు మరింత ఆసక్తికరమైన రూపం తీసుకుంటుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బు వెలుతురు 2,700 నుంచి 3,000 కెల్విన్ దాకా ఉంటుంది, మధ్యాహ్నపు ఎండ సుమారు 5,500, నీలాకాశం కింది నీడ 7,000 పైమాటే. 2,500 నుంచి 3,000కు జరిగితే ఫొటో రంగు కళ్లు చెదిరేంత మారుతుంది. 9,500 నుంచి 10,000కు జరిగితే, అవే 500 కెల్విన్‌లు అయినా, మార్పును పోల్చుకోవడం కష్టం. ఛాయాగ్రాహకులు దీనికి విరుగుడుగా ఎప్పటినుంచో మైరెడ్ అనే కొలతను వాడుతున్నారు: పది లక్షలను కెల్విన్ అంకెతో భాగించడమే. ఆ కొలతలో మొదటి జరుగుడు సుమారు 67, రెండోది 5 పైచిలుకు మాత్రమే. కాబట్టి స్లైడరు మీద కెల్విన్ అంకెలు రాసి ఉన్నా, లోపల కదలిక మైరెడ్‌కు అనుగుణంగా ఉండాలి.

కెల్విన్ స్లైడరులో దీనికంటే పెద్ద తికమక దిశది. భౌతికశాస్త్రం ప్రకారం కెల్విన్ పెరిగేకొద్దీ కాంతి నీలంగా మారుతుంది. కానీ లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకెను పెంచితే ఫొటో పసుపు వైపు పోతుంది. ఇందులో తప్పేమీ లేదు. ఆ అంకె ఫొటో ఎలా కనిపించాలన్నది కాదు, ఫొటో ఏ వెలుతురులో తీశారన్నది. '8,000 కెల్విన్ నీలి వెలుతురులో తీశాను' అని మీరు చెబితే, ఆ నీలాన్ని కొట్టివేయడానికి సాఫ్ట్‌వేర్ పసుపును కలుపుతుంది. కారణాన్ని అంకెలో చెప్పి ఫలితాన్ని చిత్రంలో చూపే ఈ అమరిక వల్ల నేర్చుకునేవారు తలకిందులవడం సహజం. దీన్ని చక్కదిద్దినది ఒక చిన్న ఉపాయం: పట్టీకి ఎడమ కొసన నీలం, కుడి కొసన పసుపు పూయడం. కన్ను ఆ పట్టీని చూస్తుంది, చేయి అటు జరుపుతుంది, అంకెతో ఎవరికీ నిమిత్తం ఉండదు. కెమెరా ముడి ఫైలు కాకుండా మామూలు జేపెగ్ ఫొటో తెరిస్తే ఆ సాఫ్ట్‌వేరే కెల్విన్‌ను పక్కనపెట్టి, మధ్యలో సున్నా, అటూ ఇటూ 100 చూపిస్తుంది. మొదటి వెలుతురు సమాచారం ఆ ఫైలులో ఉండదు కాబట్టి, తెలియని అంకెను తెలిసినట్టు చూపకపోవడం గౌరవించదగిన నిర్ణయం.

పట్టీకి రంగు పూయడం అన్న ఈ ఉపాయం అలంకారంగా కనిపించినా, నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది అదే. స్లైడరును ఎక్కడికి జరిపితే ఏ రంగు వస్తుందో ఆ పట్టీయే ముందుగా చూపిస్తే, పేరు చదవవలసిన అవసరం కూడా తగ్గిపోతుంది. అయితే ఆ పట్టీ స్థిరంగా ఉండకూడదు. వన్నెను మార్చగానే గాఢత పట్టీ, వెలుగు పట్టీ కూడా ఆ కొత్త వన్నెకు తగ్గట్టు మారాలి.

స్లైడరు వదిలి చిత్రాన్నే పట్టుకోవడం

దుకాణదారు కోరికలో మూడో భాగం గుర్తుందా? అంచు మారకూడదు. మొత్తం ఫొటోకు ఒకే మార్పు చేసే స్లైడరు ఆ షరతును పాటించలేదు. లైట్‌రూమ్‌లో ఇందుకోసం ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, ఆక్వా, నీలం, ఊదా, మెజెంటా అని ఎనిమిది వన్నెలకు వేరువేరు స్లైడర్లు ఉంటాయి. వాటి సరిహద్దులు గోడల్లా కాక, ఒకదానిలోకి ఒకటి కరిగే ఛాయల్లా ఉండాలి. లేకపోతే మడతల్లో పసుపు నారింజలోకి జారే చోట చీర మీద మరకలాంటి గీత పడుతుంది.

చీర మడతలోని రంగు 'పసుపు' గదిలోకి వస్తుందా, 'నారింజ' గదిలోకి వస్తుందా అన్నది ఎవరు నిర్ణయించాలి? పేర్ల గీతలు భాష భాషకూ మారతాయి. తెలుగులో 'పచ్చ' అన్న ఒక్క మాట పసుపుపచ్చకూ ఆకుపచ్చకూ చెల్లుతుంది. పచ్చని మేనిఛాయ, పచ్చని పైరు రెండూ మనకు పచ్చనివే. మరోవైపు చీరల దుకాణంలో వినిపించే ఉల్లిపొర రంగు, నెమలికంఠం రంగు, వంగపండు రంగు, రామా గ్రీన్, ఆనంద బ్లూ వంటి పేర్లు ఆ ఎనిమిది గదుల్లో దేనిలోనూ ఇమడవు. కాబట్టి పేరు అడగకుండా చిత్రాన్నే అడగడం మెరుగైన మార్గం. వాడుకరి చీర మీద వేలు పెట్టి పైకి లాగితే, ఆ చోట ఉన్న రంగు ఏ ఏ గదుల కలయికో సాఫ్ట్‌వేరే లెక్కకట్టి, ఆ స్లైడర్లను తగిన పాళ్లలో తానే జరపాలి. లైట్‌రూమ్‌లోనూ ఫొటోషాప్‌లోనూ ఈ సదుపాయం చాలాకాలంగా ఉంది. అంత మంచి పద్ధతి చిన్న గుండీ వెనుక దాగి ఉండటం వల్ల చాలామంది దాన్ని ఎన్నడూ తాకను కూడా తాకరు.

ట్యూబ్‌లైటు తెచ్చిన ఆకుపచ్చ ఛాయకు సంబంధించిన సంగతి వేరు. అది చీర రంగు కాదు, ఫొటో మొత్తం మీద పరుచుకున్న వెలుతురు రంగు. అటువంటి ఛాయకు బలంతోపాటు దిశ కూడా ఉంటుంది: పసుపు వైపు ఎంత, ఆకుపచ్చ వైపు ఎంత అని. దిశ ఉన్నదాన్ని రెండు వేరు స్లైడర్లుగా విడదీస్తే వాడుకరి ఒకదాని తర్వాత ఒకటి, మళ్లీ మొదటిది, ఇలా మార్చి మార్చి వెతుక్కోవలసి వస్తుంది. సినిమాలకు రంగులు దిద్దే వారు, మన పరిశ్రమలో అందరూ డీఐ అని పిలిచే ఆ గదుల్లో, ఇందుకే చక్రాలను వాడతారు. నీడలకు ఒకటి, మధ్య ఛాయలకు ఒకటి, వెలుగులకు ఒకటి చొప్పున మూడు చక్రాలు ఉంటాయి. ఆకుపచ్చ ఎక్కువైతే చక్రం నడిమి చుక్కను దానికి ఎదురుగా ఉన్న మెజెంటా వైపు నెడతారు. ఒక్క కదలికలో దిశ, మోతాదు రెండూ తేలిపోతాయి. ఫోన్‌లో దీనికంటే సులువైన దారి మరొకటి ఉంది: చీర వెనుక తెల్లని గోడో కాగితమో ఉంటే దాన్ని తాకి 'ఇది తెలుపు' అని చెప్పడం. మిగతా లెక్క యంత్రం చూసుకుంటుంది.

గాఢతను పెంచే విషయంలో వైబ్రెన్స్ అనే స్లైడరు ఒక మంచి పాఠం. శాచురేషన్ అన్ని రంగులనూ ఒకే నిష్పత్తిలో పెంచుతుంది. ఇప్పటికే నిండుగా ఉన్న నీలి అంచు హద్దు దాటి, నేత గీతలు పోయి, ముద్దగా తయారవుతుంది. వైబ్రెన్స్ వెలిసిన రంగులను ఎక్కువగా, నిండు రంగులను తక్కువగా పెంచుతుంది, ఒంటి రంగుల జోలికి అంతగా పోదు. 'ఫొటోకు కళ రావాలి' అని వాడుకరి అడిగినప్పుడు నిజంగా కోరేది ఇదే. పేరు మాత్రం అర్థం కానిది.

మోసపోయే కన్ను, అడ్డుపడే వేలు

పారిస్‌లోని గోబెలిన్ వస్త్ర కర్మాగారంలో అద్దకాల విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రోల్‌కు, నల్ల దారపు అద్దకంలో పస లేదని ఫిర్యాదులు వచ్చాయి. పరిశీలిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన రంగుల ప్రభావం వల్ల నలుపు వెలవెలబోయినట్టు కనిపిస్తోంది. ఆ పరిశోధనను ఆయన 1839లో గ్రంథంగా ప్రచురించారు. రంగులను సవరించే సాఫ్ట్‌వేర్‌లో చిత్రం చుట్టూ ఉండే భాగం బూడిద రంగులో ఉండటానికి శాస్త్రీయమైన ఆధారం అదే. మెరిసే నీలి పట్టీల మధ్య ఫొటోను పెడితే పసుపు ఉన్నదానికంటే నిండుగా తోస్తుంది, వాడుకరి తక్కువగా సరిచేసి ఆగిపోతాడు.

దానికితోడు కన్ను త్వరగా అలవాటు పడిపోతుంది. కొద్ది నిమిషాలు అలాగే చూస్తూ ఉంటే ఆకుపచ్చ ఛాయ ఉన్న ఫొటో కూడా మామూలుగానే అనిపిస్తుంది. అందువల్ల వేలితో నొక్కి పట్టుకున్నంతసేపు అసలు ఫొటోను చూపి, వదలగానే సవరించినదాన్ని చూపే గుండీ సౌకర్యం కాదు, అవసరం. స్లైడరును రెండుసార్లు తడితే సున్నాకు పోవడం, ఎన్ని మార్పులు చేసినా అసలు ఫైలు చెడకుండా ఉండటం కూడా అలాంటివే. అసలు ఫొటోను ముట్టుకోకుండా సవరణను దానిపై వేరే పొరగా ఉంచే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు 1996లో ఫొటోషాప్ 4.0తో వచ్చి రెండో అలవాటును స్థిరపరిచాయి. పాడవుతుందన్న భయం లేనప్పుడే మనిషి స్లైడరును రెండు కొసలకూ లాగి చూసి, తనకు కావలసిన చోటును కనుక్కుంటాడు.

ఫోన్ తెరమీద ఇంకొక ఇబ్బంది కొలతకు సంబంధించినది. ఆరు సెంటీమీటర్ల పట్టీ మీద మైనస్ 100 నుంచి 100 వరకు 200 మెట్లు ఉంటే ఒక్కో మెట్టుకు దక్కేది 0.3 మిల్లీమీటర్లు, బొటనవేలు దానికంటే ఎన్నో రెట్లు వెడల్పు. పైగా ఆ వేలు పట్టీని, అంకెను కప్పేస్తుంది. వేలు ఎక్కడ ఉందన్నది కాకుండా ఎంత జరిగిందన్నది లెక్కలోకి తీసుకోవడం, వేలు నెమ్మదిగా జరిగితే అంకె ఇంకా నెమ్మదిగా జరగడం, అంకెను వేలికి పైన చూపడం అనే మూడు మార్పులతో ఇది చాలావరకు తీరుతుంది.

రంగులతోనే సంగతి చెప్పే పట్టీలకు ఒక పరిమితి ఉందని కూడా మరవరాదు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుగా పోల్చుకోలేని లక్షణం ఎక్స్ క్రోమోజోము ద్వారా సంక్రమిస్తుంది కాబట్టి మగవారిలో ఎక్కువ. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవారిలో రంగులను పోల్చుకోవడంలో లోపం ఉన్నవారు సుమారు 8 శాతం. వారికి ఆకుపచ్చ నుంచి మెజెంటాకు పోయే పట్టీ రెండు కొసలా ఒకేలా తోచవచ్చు. కాబట్టి కొసల్లో పేర్లు, పక్కన అంకెలు తప్పనిసరి.

ఆ పేర్లు ఏవి కావాలి? తెలుగులోకి మార్చిన సాఫ్ట్‌వేర్‌లో హ్యూకు 'వర్ణం', శాచురేషన్‌కు 'సంతృప్తత' అని రాస్తే అవి నిఘంటువుకు న్యాయం చేస్తాయేమో గానీ దుకాణదారుకు చేయవు. ఆయన నోట ఉన్న మాటలు వేరు: లేత, ముదురు, నిండు, వెలిసిన, మాసిన. ఈ మాటలు మూడు గుణాల గీతల మీద నడవవు. 'ముదురు' అంటే వెలుగు తగ్గడం మాత్రమే కాదు, దానితోపాటు గాఢత నిలవడం లేదా పెరగడం కూడా. వెలుగు తగ్గి గాఢత కూడా పోతే దాన్ని ముదురు అనరు, మాసిపోయింది అంటారు. 'లేత' అంటే వెలుగు పెరిగి గాఢత తగ్గడం. వెలుగు మారకుండా గాఢత ఒక్కటే పోతే అది వెలిసిపోవడం. అంటే మన వాడుకలో రంగు కదిలే దారులు వెలుగు, గాఢతల చిత్రపటం మీద నిలువుగానో అడ్డంగానో కాక ఐమూలగా పోతాయి. ఒక కొసన 'లేత', మరో కొసన 'ముదురు' అని రాసిన స్లైడరు ఒకటి, 'వెలిసిన' నుంచి 'నిండు'కు పోయే స్లైడరు ఒకటి పెట్టి, వాటి వెనుక ఓక్‌లాబ్ లెక్కలో వెలుగునూ గాఢతనూ తగిన పాళ్లలో కలిపి జరపడం నేటి ఫోన్లకు ఏమంత బరువైన పని కాదు. ఆ పాళ్లు వన్నెను బట్టి మారాలి. నీలం ముదిరితే నీలంగానే ఉంటుంది, పసుపును అదే మోతాదులో ముదరబెడితే చీర గోధుమరంగుకు తిరుగుతుంది. పసుపు దగ్గర వెలుగును తక్కువగా దించి, వన్నెను కొద్దిగా నారింజ వైపు ఒరగనిస్తే బల్లమీద పరిచి ఉన్న ఆ చీర రంగుకు దగ్గరపడుతుంది. చీర మీద వేలు పెట్టి మొదలుపెట్టిన మార్పు కాబట్టి అంచు నీలం తన చోటనే ఉంటుంది.